కోటి వచ్చాడు

ఫిబ్రవరి 8

ఆ రోజు సంగతి ఒక్కసారి రాసి పెట్టేస్తాను. మళ్ళీ రాయను.

మంగళవారం. భ్రమర లేస్తూనే ఎడమ భుజం లాగుతోందంది. ముందురోజు పై అరలోంచి పెద్ద కుక్కర్ దించినప్పుడు పట్టేసి ఉంటుందని తనే అంది. నేను ఔనన్నాను. బామ్ రాశాను. నేను ఇడ్లీ తిన్నాను, తను తినలేదు. "ఆకలిగా లేదు. మీరు బయల్దేరండి." సియెర్రా విస్టాలో ఆఫీసు. వెళ్ళాను.

మధ్యాహ్నం కాబోతుండగా ఎలా ఉందని మెసేజ్ పెట్టాను. కొంచెం ఆయాసంగా ఉందని జవాబు. రానా? అన్నాను. కాసేపు ఏమీ లేదు. లాప్‌టాప్ మూసేశాను. తాళంచెవులు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు వచ్చింది, ఎప్పటిలా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు —

కోటి వచ్చాడు. వెనక కూర్చున్నాడు.

నా స్నేహితుడు కోటి గంటకి పైగా దూరమున్న టూసాన్ నుంచి ఊడిపడటం కొత్త కాదు. ఫోన్ చేసి రావడం వాడి ఒంట్లో లేదు. ఆ వారంలో ఒకసారి వస్తానని కూడా అన్నాడు. సరే, మనిషి తోడున్నాడు. అవసరమైతే వాడే కార్లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాడు. తాళంచెవులు బల్ల మీద పెట్టేశాను. "సరే. టీ ఇవ్వు" అని కొట్టాను.

నవ్వు బొమ్మ పంపింది. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతుందే, ఆ బొమ్మ. అంతే. అదే ఆఖరు.

మీటింగ్‌కి ఉండిపోయాను. ఇంటికి వచ్చేసరికి వెనక వరండాలో కుర్చీలో ఉంది. ఒళ్ళో శాలువా. ముఖం కొండల వైపు. పిలిచాను. చెయ్యి పట్టుకున్నాను.

గుండె అన్నారు. ఎక్కువసేపు పట్టి ఉండదన్నారు.

కోటి లేడు. స్టవ్ మీద టీ గిన్నె లేదు. వరండా మెట్ల మీద స్టీలు పళ్ళెం, అందులో అరటి తొక్క. తిన్నాడు, వెళ్ళిపోయాడు.

పదమూడో రోజు, అందరూ వెళ్ళాక కోటిని అడిగాను. ఆ రోజు వచ్చావా?

"రాలేదురా."

నా ముఖంలోకి చూసే అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెప్పించినట్టవుతుంది.

తను వచ్చాడని రాసింది. వాడు రాలేదంటున్నాడు. తను అబద్ధం రాయదు.


ఫిబ్రవరి 9

కప్పు బియ్యం ఎక్కువైంది. రేపటి నుంచి అరకప్పు.


ఫిబ్రవరి 11

ఆఫీసులో అందరూ తల ఓ పక్కకి వంచి మాట్లాడుతున్నారు. పని మాత్రం చెప్పడం లేదు. ఏ బావిలో నీళ్ళు ఎంత కిందికి పోయాయో చూడటమే కదా నా పని. దానికి ముఖం బాగుండక్కర్లేదు. చెప్తే బాగుండు.


ఫిబ్రవరి 15

శనివారం. కోటి ఫోన్. మోగనిచ్చాను.

శనివారం అంటే భ్రమర బియ్యం ఎక్కువ పోసేది. "అన్నయ్య వస్తాడుగా." కారు తలుపు పడ్డ చప్పుడు, వెంటనే వాకిట్లోంచే కేక — "చెల్లెమ్మా! ఏం వండావు?"

"వండింది తర్వాత అన్నయ్యా. తెచ్చింది చెప్పు ముందు."

కరివేపాకు తెచ్చేవాడు. వాడి పెరట్లో పెద్ద చెట్టుంది. వేసవిలో ఆనపకాయలు. టూసాన్ ఎండకి ఆనపకాయ ఎలా బతుకుతుందో నాకిప్పటికీ అర్థం కాదు. కాలేజీలో లెక్కలు చెప్తాడు, పెళ్ళి చేసుకోలేదు. ఒంటికాయ శొంఠికొమ్ము అని తను వెక్కిరించేది. "నీకేం అన్నయ్యా, వారానికో పెళ్ళిభోజనం. పెళ్ళి మాత్రం మాది."

"ఒరే మూర్తీ, చూశావా, లెక్క రాస్తోంది."

ఇరవై ఏళ్ళకి పైగా అదే మాట, అదే నవ్వు.

మళ్ళీ మోగింది. బయటికి వెళ్ళి నిలబడ్డాను.


ఫిబ్రవరి 16

చారులో కరివేపాకు లేదు. ఉట్టి పులుపు.


ఫిబ్రవరి 19

హమ్మింగ్‌బర్డ్‌ల కోసం తను వరండాలో వేలాడదీసిన సీసా ఎండిపోయి ఉంది. అడుగున చీమలు. కడిగి నింపాను. నాలుగు పాళ్ళు నీళ్ళు, ఒక పాలు చక్కెర. మొదటిసారి నేను కలిపినప్పుడు చిక్కగా అయింది. "పాకం కాదండీ. పానకం."

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఖాళీ. పిట్టలు అంత తాగవు.


ఫిబ్రవరి 20

మళ్ళీ ఖాళీ. ఎవరో పగలు వస్తున్నారు.


ఫిబ్రవరి 22

దొంగ దొరికాడు. సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను.

ఓక్ చెట్టు మీంచి తలకిందులుగా దిగాడు. ఉడత దిగినట్టు దిగాడు గానీ ఉడత కాదు. చిన్నపాటి కుక్కంత ఉన్నాడు. పొడుగు ముక్కు, చివర కాస్త పైకి లేచి, ఊరికే ఉండదు, అటూ ఇటూ తిరుగుతుంది. ముక్కు చుట్టూ సున్నం పూసినట్టు తెలుపు. ఒంటి పొడుగంత తోక. దాన్ని జెండాలా నిలబెట్టుకుని నడుస్తాడు, చివర ఓ వంకర. రెయిలింగ్ ఎక్కి, సీసాని రెండు చేతులతో పట్టి వంచుకుని తాగాడు. గోళ్ళు ఇంతింత.

తాగాక నన్ను చూశాడు. పారిపోలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు తలుపు వైపు చూస్తూ చాలాసేపు. అలవాటైన చోటులా ఉంది.

నేను కదల్లేదు. ఇల్లు దాటి బయట ఒక ప్రాణిని అంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో.

కోటి ఫోన్. తియ్యలేదు. ఆ చప్పుడికి వాడు లేచి వెళ్ళిపోయాడు.


ఫిబ్రవరి 23

కంచె దగ్గర పక్కింటి మార్లీన్. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, గొంతు ఇప్పటికీ బస్సు చివరిదాకా వినపడేలానే ఉంటుంది. శని, ఆదివారాల్లో కొండ లోయలో వచ్చేపోయేవాళ్ళకి జంతువుల గురించి చెప్తుంది, జీతం లేకుండా.

"వచ్చాడా నీ దగ్గరికి?"

వచ్చాడన్నాను. ఏమిటది?

కువాటీ అంది. పూర్తిగా అంటే కువాటీ ముండీ. మొండి అన్నట్టు వినపడింది. రాత్రుళ్ళు చెత్తడబ్బాలు తిరగేసే రకూన్‌కి చుట్టమట. ఎలా రాస్తారో అడగలేదు. మెక్సికో నుంచి పైకి వస్తే ఈ కొండల దాకానే, ఇక్కడితో వాటి రాజ్యం ఆఖరు.

"వాడు మీ ఆవిడకి బాగా తెలుసే."

నాతో అనలేదన్నాను.

"నీకోసం దాచింది. శనివారం చూపిస్తానంది. ఏదో జోక్. మీ భాషలోది, నాకెక్కలేదు."

తనూ జోకూ. పైకి చెప్పేముందు వారం రోజులు కడుపులో పెట్టుకుని నవ్వుకునేది.

ఒక్కడే తిరుగుతాడేం అని అడిగాను. మగది ఒక్కటే తిరుగుతుందట. ఆడవీ పిల్లలూ అంతా గుంపు. కలిసే తింటాయి, కలిసే నిద్రపోతాయి, ఒకదాని ఒళ్ళు ఒకటి శుభ్రం చేసుకుంటాయి. మగపిల్లకి రెండేళ్ళు నిండితే బయటికి నడవాల్సిందే.

"ఎందుకు?"

"పెద్ద మగది పిల్లల మీద పడుతుంది. అందుకే రానివ్వవు. నా మొదటి మొగుడికి ఈ రూలు పెట్టకపోవడం నా తప్పు."

నవ్వొచ్చింది. ఆమె మాత్రం తల పక్కకి వంచి చూడలేదు, అది బాగుంది.


మార్చి 1

వాయిస్ మెయిల్.

"ఒరే మూర్తీ, నేను. తియ్యవని తెలుసు. చెట్టు చిగురేసింది. ... ఏం తింటున్నావు? ... నేనేం చేశానో చెప్పి తిట్టరా. చెప్పకుండా తిట్టకు."

ఏం చేశాడో వాడికి తెలియదా. ఆయాసపడుతున్న మనిషిని కుర్చీలో వదిలి వెళ్ళాడు. పోనీ అప్పటికి బాగానే ఉందేమో, తెలియక వెళ్ళాడేమో. అదే చెప్పొచ్చు కదా. వచ్చాను, చూశాను, బాగానే ఉంది, వెళ్ళాను. చెల్లెమ్మ ఆఖరున ఏం మాట్లాడింది, ఏం నవ్వింది — అది నాకు చెప్పొచ్చు కదా. ఆ కాసేపు వాడి దగ్గర ఉంది. నాకివ్వడు.

తుడిచెయ్యలేదు.


మార్చి 6

ఒంటిగాడు అని పేరు పెట్టాను.

పగటి జీవి. ఎండెక్కాక వస్తాడు, చీకటి పడకముందే కొండవైపు వెళ్ళిపోతాడు. చెట్టు మీదో రాతి పగులులోనో పడుకుంటాడట. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తానని ఆఫీసులో అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇవాళ ఆకుల కింద ముక్కు దూర్చి గొంగళిపురుగుని లాగాడు. వెంటనే తినలేదు. అరచేతుల కింద పెట్టి నేల మీద దొర్లించాడు, బొచ్చంతా రాలిపోయేదాకా. తొందర లేదు. ఆపి వాసన చూసి మళ్ళీ దొర్లించాడు.

భ్రమర కాకరకాయ మీది గరుకు అలాగే గీకేది. టీవీ చూస్తూ. కాయ తిప్పుతూ.


మార్చి 9

ఆదివారం. పప్పు. రేపటికి కూడా అదే.


మార్చి 15

కోటి వచ్చాడు.

కారు తలుపు చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. వాకిట్లోంచి కేక లేదు. మెట్లెక్కి బెల్లు కొట్టాడు. నేను హాల్లో ఉన్నాను. లేచి తలుపు దాకా వెళ్ళాను. ఆగాను.

"కారుందిరా బయట. లోపలున్నావు."

తలుపుకి దగ్గరగా జరిగాను.

"సరే, తియ్యకు. వినపడుతోందిగా. బతికున్నావని ఒక్క మాట అను, పోతాను."

తలుపు మీద చెయ్యి పెట్టాను. గడియ మీద కాదు.

కాసేపటికి గొంతు మారింది. "చెల్లెమ్మ లేకపోతే ఈ ఇల్లు నాకు లేదా రా?"

అదే అడగాలనుకున్నాను వాణ్ణి. చెల్లెమ్మ అన్నవాడివి ఎలా వదిలి వెళ్ళావు అని. గడప మీద ఏదో పెట్టిన చప్పుడు. కారు వెనక్కి తిరిగి వెళ్ళింది.

బయటికి వెళ్ళి చూడలేదు.


మార్చి 16

పొద్దున గడప మీద కాగితం సంచి. నేను కాఫీ కలుపుకునేలోపే ఒంటిగాడు దాని దగ్గర. చింపి, కరివేపాకు బయటికి లాగి, ముక్కు పెట్టి, ఒక్కసారి తుమ్మాడు. ఎంత గట్టిగా తుమ్మాడంటే వెనక్కి పడబోయాడు. నచ్చలేదు. రెమ్మలన్నీ మెట్ల నిండా చిందరవందర చేసి పోయాడు.

ఏరాను. కడిగాను. చారులో నాలుగు రెబ్బలు వేశాను. ఇల్లంతా వాసన వచ్చింది. గిన్నె మూత పెట్టి బయట కూర్చున్నాను.


మార్చి 22

శనివారం. ఫోన్ మోగలేదు.


మార్చి 29

మోగలేదు.

మంచిదే.


మార్చి 30

ఉగాది. ఈ ఏడాది ఇంట్లో పండగ లేదు. ఏటా వేపపువ్వు కోటి తెచ్చేవాడు. ఎక్కడ దొరుకుతుందంటే చెప్పేవాడు కాదు. "సోర్స్ చెప్తే మీరే వెళ్ళి కోసుకుంటారు చెల్లెమ్మా, నాకిక్కడ పచ్చడి పెట్టరు."


ఏప్రిల్ 4

ఒంటిగాడు వారంగా లేడు. సీసా నిండుగా ఉంది. పిట్టలు వస్తున్నాయి, తాగుతున్నాయి, వెళ్తున్నాయి. పిట్టల్ని చూడటానికి ఓపిక లేదు. ఆఫీసు పని చేస్తూ మెట్ల వైపే చూస్తున్నాను.

మార్లీన్‌ని అడిగాను. ఇది వాటి జతకట్టే కాలమట. "ఇప్పుడు మాత్రం గుంపు రానిస్తుంది. కొద్ది రోజులే. చూస్తావా? వచ్చే శనివారం నాతో రా. టోపీ పెట్టుకో, నీ బట్టతల చూసి జంతువులు బెదురుతాయి."

భ్రమర పోయాక నన్ను ఎవరైనా ఏడిపించడం ఇదే మొదలు.


ఏప్రిల్ 12

లోయలోకి వెళ్ళాం. వాగులో నీళ్ళున్నాయి. సికమోర్ చెట్లు తెల్లగా, కొత్త ఆకులతో. మార్లీన్ ముందు, నేను వెనక.

ముందు తోకలు కనపడ్డాయి. గడ్డిలో ఒళ్ళు కనపడవు, నిలువుగా తోకలే — ఇటు నుంచి అటు నడుస్తూ. బడి వదిలాక పిల్లలు గొడుగులు పట్టుకుని పోతున్నట్టు. తర్వాత చప్పుడు. కిచకిచ, ముక్కుతో గురగుర, ఎండుటాకుల్లో గోళ్ళు. ఒకటి రాయి దొర్లిస్తే పక్కది పురుగు లాక్కుంది. దెబ్బలాడుకున్నాయి. మళ్ళీ పక్కపక్కనే తవ్వుకున్నాయి.

అంచున వాడు. తోక చివర వంకర. పొట్ట నేలకి ఆనించి, తలొంచి, మెల్లగా దగ్గరకి జరుగుతున్నాడు. ఒక ఆడది పళ్ళు చూపించింది. ఆగాడు. మళ్ళీ జరిగాడు. చివరికి దాని మెడ దగ్గర ముక్కు పెట్టి, పళ్ళతో బొచ్చు దువ్వడం మొదలుపెట్టాడు. అది ఊరుకుంది.

"అలా బతిమాలుకుంటేనే లోపలికి," అంది మార్లీన్.

తిరిగొచ్చేటప్పుడు చెప్పింది. ఒంటరి మగవాటిని చూసి వెనకటి శాస్త్రవేత్తలు అదో వేరే జాతి అనుకున్నారట. గుంపుది ఒక జంతువు, ఒంటరిది ఇంకో జంతువు అని. అందుకే రెండో పేరు. తర్వాత ఎప్పటికో తెలిసింది, రెండూ ఒకటేనని.

ఆ మాట మనసులో తిప్పుకుంటూ నడిచాను. భర్త పోయిన ఆడదానికి మన భాషలో మాటలున్నాయి, తిట్లతో సహా. భార్య పోయినవాడికి విధురుడు అని నిఘంటువులో ఉంటుంది. ఎవరి నోటా వినలేదు.

దారి మొదట్లో జంతువుల బోర్డు ఉంది. వెళ్ళేటప్పుడు చూడలేదు. వచ్చేటప్పుడు నీళ్ళు తాగడానికి దాని పక్కనే ఆగాను. వాడి బొమ్మ. కింద పెద్ద అక్షరాల్లో పేరు. సీ ఓ ఏ టీ — కోట్. చివర ఐ.

పైకే చదివినట్టున్నాను. కోటి.

మార్లీన్ గిరుక్కున తిరిగింది. "అదే! అదే అంది మీ ఆవిడ కూడా. ఇక్కడే నిలబడి. అలాగే చదివింది."

ఏమంది?

"కో-టీ. కాదమ్మా, కువాటీ అన్నాను. వినలేదు. నవ్వి నవ్వి ఆ బెంచి మీద కూలబడింది. మీ ఆయన స్నేహితుడి పేరట కదా? ఒంటరివాడట, చెప్పకుండా తిండివేళకి వస్తాడట. ఇక మీ ఇంటికొచ్చే వాడికి అదే పేరు. కోటి వచ్చాడు, కోటి పోయాడు. అరటిపండు పెట్టకు, అడవి జంతువుకి అలవాటు చెయ్యకు అని మొత్తుకున్నా వింటేనా."

దారంతా ఆమె ఏదో చెప్తూనే ఉంది. కారులో కూర్చున్నాను. సీటు బెల్టు ఆమే గుర్తు చేసింది.


ఏప్రిల్ 13

అన్నయ్య.

తను వాణ్ణి ఏనాడూ ఉత్త కోటి అనలేదు. ఎదురుగా ఉన్నా, లేకపోయినా, నాతో దెబ్బలాడుతూ అన్నా — కోటి అన్నయ్యే. మెసేజ్‌లో కూడా. పాతవి ఇవాళ చూశాను. అన్నయ్య వచ్చాడు. అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్యకి చెప్పండి.

ఆ ఒక్కటే — కోటి వచ్చాడు.

నేను కోటి అంటాను వాణ్ణి. తను రాసిన మాటని నా మాటగా చదువుకున్నాను. వచ్చాడు అని ఉంది కాబట్టి మనిషే అనుకున్నాను. జంతువైతే వచ్చింది అనాలి కదా. తనకి చెట్లు కూడా వాడూ వీడూనే. నిమ్మ మొక్కని "వీడు" అనేది.

వెనక కూర్చున్నాడు. మెట్ల మీద. అరటిపండు తిని.

సరే, టీ ఇవ్వు.


ఏప్రిల్ 13, మళ్ళీ

ఎవరూ లేరు తన దగ్గర. అది ఒకటి. కోటి ఉన్నాడు కదా అని తాళంచెవులు బల్ల మీద పెట్టాను. కోటి లేడు.

రెండోది ఆ నవ్వు బొమ్మ. టీ ఇవ్వమంటే అంత నవ్వేముందని ఇన్నాళ్ళూ అర్థం కాలేదు. ఆ ముక్కుతో, ఆ గోళ్ళతో, కప్పూ సాసరూ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నవాణ్ణి తను చూసింది. నాకు తెలియకుండానే జోక్ పూర్తి చేశాను. శనివారం దాకా దాచుకున్నది అక్కడే పేలింది.

భుజం నొప్పితో, ఆయాసంతో, ఒక్కతే కూర్చుని నవ్వింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి రెండోదాన్ని తగ్గించడం లేదు.


ఏప్రిల్ 14

వాడు నిజమే చెప్పాడు. నా ముఖంలోకి చూసి చెప్పాడు.


ఏప్రిల్ 19

ఫోన్ చేశాను. మోగి మోగి వాయిస్ మెయిల్‌కి పోయింది. వాడి గొంతు, ఇంగ్లీషులో, క్లాసులో చెప్పినట్టు. బీప్ వచ్చింది. ఏమని చెప్పాలి? కోటి అంటే జంతువు అనుకోలేదురా, అందుకే — పెట్టేశాను.


ఏప్రిల్ 20

"ఉన్నావా?" అని మెసేజ్ పెట్టాను. చదివినట్టు చూపిస్తోంది.


ఏప్రిల్ 26

జవాబు లేదు. శనివారం.

వాడు ఎన్ని శనివారాలు ఇలా ఫోన్ చూస్తూ కూర్చున్నాడో.


మే 2

అన్నం ముద్ద కలిపి, తినకుండా చెయ్యి కడుక్కున్నాను. కరివేపాకు చారు గుర్తొచ్చింది. వాడు అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చి, తలుపు ముందు నిలబడి, ఆ సంచి పెట్టి, మళ్ళీ అంత దూరం వెళ్ళాడు. దారిలో బెన్సన్ ఊరి దగ్గర కాఫీకి ఆగి ఉంటాడు. ఎప్పుడూ ఆగుతాడు. ఆ రోజు ఒక్కడే కూర్చుని తాగి ఉంటాడు.


మే 4

ఒంటిగాడు తిరిగొచ్చాడు. ఒక చెవి చిరిగింది. ముక్కు మీద ఎండిన గాటు. నీరసంగా ఉన్నాడు. సీసా దగ్గరికి కూడా ఎక్కలేదు, మెట్ల మీద కూర్చున్నాడు.

మార్లీన్ కంచె అవతలి నుంచి చూసింది. "తరిమేశాయి. వాడి పని అయిపోయింది."

ఇక ఆడవి కూడా ఒక్కొక్కటే గుంపు వదిలి వెళ్తాయట, గూడు కట్టుకుని పిల్లల్ని కనడానికి. వానల నాటికి పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తాయి.

"గుంపు మళ్ళీ చేర్చుకుంటుందా?"

"ఆడదాన్నా? చేర్చుకోకేం."

"వాణ్ణి?"

"వచ్చే ఏప్రిల్‌లో అడుగు." కాసేపు నా వైపు చూసింది. "నీకో స్నేహితుడుండాలే, వీడి పేరున్నవాడు. కనపడడేం?"

టూసాన్‌లో ఉంటాడన్నాను.

"టూసాన్ ఏమీ చంద్రమండలం కాదు."


మే 5

అరటిపండు ఒలిచాను. పళ్ళెంలో పెట్టి మెట్ల దాకా వెళ్ళాను. వాడు లేచి నిలబడ్డాడు, ముక్కు గాల్లో తిప్పుతూ. మార్లీన్ మాట గుర్తొచ్చింది. అలవాటు చెయ్యకు.

లోపలికి వచ్చి నేనే తిన్నాను. వాడు చాలాసేపు తలుపు వైపు చూశాడు. నేను లోపల, వాడు బయట. తర్వాత పోయి ఓక్ చెట్టు కింద తవ్వుకున్నాడు. తన తిండి తనకి తెలుసు.


మే 7

ఇవాళ వాడు వరండా రెయిలింగ్ మీద పడుకున్నాడు, తోక కిందికి వేలాడేసి. భ్రమర కుర్చీకి ఎదురుగా. నేను మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి కొండ కనపడుతుంది, మెట్లు కనపడతాయి. వాడు ఎక్కడ కూర్చున్నా కనపడతాడు.

"కోటీ" అన్నాను మెల్లగా.

ఒక కన్ను తెరిచి చూశాడు. మూశాడు.


మే 9

శుక్రవారం. ఆఫీసు నుంచి వచ్చి ఇల్లు తుడిచాను. తన చెప్పులు వెనక తలుపు పక్కన అలాగే ఉంచాను.

ఇంకోసారి ఫోన్ చేశాను. తియ్యలేదు. పోనీ, రాసి పంపుదామని కూర్చున్నాను. తను ఉత్త కోటి అని రాసింది, నువ్వు కోటి అన్నయ్యవి, అందుకే అది నువ్వు కాదు — రాసి చదువుకుంటే పిచ్చివాడి రాతలా ఉంది. తుడిచేశాను. ఇది రాసేది కాదు. ఫోన్ వాడి చేతిలో పెట్టి, ఆ మెసేజ్ చూపించి, కింద నా జవాబు చూపించి, దాని కింద ఆ బొమ్మ చూపించాలి. వాడికే అర్థమవుతుంది. వాడికీ రావాల్సిన నవ్వది. సగం వాడి మీద జోకే కదా.

తర్వాత తిడతాడో, ఏడుస్తాడో. అసలు లోపలికి రానిస్తాడో లేదో. తలుపు ఇవతల నేను ఎంతసేపు నిలబడ్డానో, వాడూ అవతల అంతసేపు నిలబడొచ్చు. ఎందుకని అడగను.

సీసా నింపాను. పానకమే, పాకం కాదు. ఒంటిగాడు వస్తే తాగుతాడు.

రేపు శనివారం. పొద్దున్నే టూసాన్ వెళ్తాను. ముందు ఫోన్ చెయ్యను, వాడెప్పుడు చేశాడు గనక. కారు తలుపు గట్టిగా వేస్తాను, వినపడేలా. మెట్లెక్కి తలుపు కొడతాను.

తీస్తే, టీ ఇవ్వమంటాను.